కోల్విల్ సమాధుల తోట: నిర్వహణకు పూర్తి మార్కులు, కథకు మాత్రం కాదు

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో, రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న (డీ-డే) జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ మీద దాడికి అమెరికన్ సైన్యం దిగిన ఒమాహా బీచ్‌కు ఎగువన గుట్ట అంచున, కోల్విల్-సుర్-మేర్ అనే పల్లె పక్కన ఉంది ఈ అమెరికన్ సెమెటరీ. విస్తీర్ణం సుమారు 70 హెక్టార్లు, సమాధులు 9,380కి పైగా, ప్రవేశం ఉచితం. నడిపేది అమెరికన్ బ్యాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్. అది 1923లో ఏర్పడిన అమెరికా ప్రభుత్వ సంస్థ. జనరల్ జాన్ పెర్షింగ్ దానికి తొలి ఛైర్మన్. ఏటా పది లక్షల దాకా జనం వస్తారు. వాళ్లలో చాలామంది టూర్ బస్సు దిగి, కొలను దగ్గర ఫొటో తీసుకుని గంటలో వెళ్లిపోతారు.

అలా చూస్తే పచ్చిక, తెల్ల శిలువలు, సముద్రం గాలి దక్కుతాయి. అదీ తక్కువేం కాదు. కానీ ఒక యుద్ధం జ్ఞాపకంగా ఎలా మారుతుందో, అట్లాంటిక్‌కు రెండు ఒడ్డుల దేశాలు తమ మృతులను మధ్యన పెట్టుకుని డెబ్భై ఎనభై ఏళ్లుగా ఎలా మాట్లాడుకుంటున్నాయో తెలుసుకోవాలనుకుంటే, ఇంత తేటగా కనిపించే చోటు ఇంకొకటి దొరకడం కష్టం. ఆ సంగతి అక్కడి బోర్డులు చెప్పవు. రాతిని, పటాలను, పైకప్పు బొమ్మలను మనమే చదువుకోవాలి. ఈ సమీక్ష అలా చదవాలనుకునేవారి కోసం: చరిత్ర విద్యార్థులు, పరిశోధకులు, ఒక్కసారే వెళ్లినా సరిగ్గా చూడాలనుకునేవాళ్లు.

వెళ్లడం, లోపలికి దిగడం

పారిస్ సాన్-లజార్ స్టేషన్ నుంచి బాయూకు రైలుంది, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. బాయూ నుంచి కోల్విల్ సుమారు 17 కి.మీ. బస్సు ఉంది కానీ రోజుకు కొద్దిసార్లే తిరుగుతుంది, సెలవు రోజుల్లో ఇంకా తక్కువ. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. పొద్దున బస్సులో వచ్చి, తిరుగు బస్సు వేళ చూసుకోక, జెండా దించే కార్యక్రమం వదులుకుని పరుగెత్తాల్సి వస్తుంది. కారు అద్దెకు తీసుకోవడమే మేలు. లేదంటే బాయూలోనే రెండు రాత్రులు ఉండేలా చూసుకుని, బస్సు వేళలను బట్టి రోజును మలుచుకోవాలి.

డిసెంబర్ 25న, జనవరి 1న తప్ప రోజూ తెరిచే ఉంటుంది. పొద్దున 9కి తెరుస్తారు. వేసవిలో సాయంత్రం 6కి, చలికాలంలో 5కి మూసేస్తారు. జూన్ 6 చుట్టుపక్కల వారం రోజులు, ముఖ్యంగా దేశాధినేతలు వచ్చే ఏళ్లలో, దారులు మూసేయడం, పాసులు అడగడం ఉంటుంది. చదువుకోవడానికి వెళ్లేవాళ్లు ఆ వారం మానుకోవడమే మంచిది. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పొద్దున పూట జనం పలుచగా ఉంటారు.

సందర్శక కేంద్రంలో విమానాశ్రయంలో లాగా బ్యాగులు స్కాన్ చేస్తారు. కేంద్రాన్ని 2007 జూన్ 6న ప్రారంభించారు. సమాధుల మీదికి కట్టడం పొడుచుకు రాకుండా చాలా భాగాన్ని నేలలోకి దించి కట్టారు, అందుకే బయటి నుంచి చూస్తే పొట్టిగా ఒదిగి ఉంటుంది. ఈ నిర్ణయం తీసుకున్నవాళ్లకు దణ్ణం పెట్టాలి. లోపల ప్రదర్శన మూడు మాటల చుట్టూ అల్లి ఉంటుంది: నైపుణ్యం, ధైర్యం, త్యాగం. చివర్లో మృతుల పేర్లను ఒక గొంతు ఒక్కొక్కటిగా చదువుతూ ఉండే నడవా వస్తుంది. అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. వచ్చినవాళ్లంతా నెమ్మదిగా నడుస్తారు.

ప్రదర్శనకు గంట కేటాయించండి. కానీ ఒకటి గమనించండి: ఆ మూడు మాటలూ సైనికుడి గుణాలే. నార్మండీ పోరులో సుమారు 20,000 మంది ఫ్రెంచ్ పౌరులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మిత్రరాజ్యాల బాంబుల కిందే చనిపోయారు. ఆ మరణాలు ఈ మూడు మాటల్లో ఏ ఒక్కదానిలోనూ ఇమడవు. ఇది సైనికుల సమాధుల తోట కాబట్టి సైనికుల గురించే చెబుతుంది, అందులో తప్పేమీ లేదు. అయితే ఇదొక్కటే చూసి తిరిగి వెళ్లేవాడి మనసులో విముక్తి అనే మాట ఒక్కటే మిగులుతుంది. దానికి ఊళ్లు చెల్లించిన మూల్యం మిగలదు.

సమాధి వెతకడం

తోట పది భాగాలు, వాటికి అక్షరాలు. ప్రతి సమాధికీ భాగం, వరస, సమాధి సంఖ్య అని మూడు గుర్తులుంటాయి. ఉదాహరణకు బ్రిగేడియర్ జనరల్ థియొడోర్ రూజ్వెల్ట్ జూనియర్ సమాధి డి భాగం, 28వ వరస, 45వది. సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఈ మూడూ వస్తాయి. ఇంటి దగ్గరే చూసుకుని, కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక వెతుకుదాం అనుకుంటే సమయమంతా వరసలు లెక్కపెట్టడానికే సరిపోతుంది, ఎందుకంటే ఎటు చూసినా శిలువలన్నీ ఒకేలా ఉంటాయి. ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి సైనిక సంఖ్య, యూనిట్, రాష్ట్రం కూడా సరిచూసుకోవాలి.

వెబ్‌సైట్‌లో పేరు దొరకకపోతే మనిషి చనిపోలేదని కాదు. చాలాసార్లు ఆయన భౌతికకాయం స్వదేశానికి చేరి ఉంటుంది. యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం ప్రతి కుటుంబానికీ ఉత్తరం రాసి అడిగింది: మీవాణ్ణి విదేశంలోని శాశ్వత సైనిక సెమెటరీలో ఉంచమంటారా, అమెరికాలోని జాతీయ సెమెటరీకి తెమ్మంటారా, మీ ఊరి సమాధుల తోటకు పంపమంటారా, లేక ఆయన పుట్టిన దేశానికి పంపమంటారా అని. ప్రతి ఐదుగురిలో సుమారు ముగ్గురిని కుటుంబాలు ఇంటికే రప్పించుకున్నాయి. అలా తిరిగి వెళ్లినవాళ్లు 1,70,000 మందికి పైగా. కోల్విల్‌లో ఉన్నవాళ్లు, ఇక్కడే ఉండనివ్వండి అని తల్లో భార్యో తండ్రో సంతకం పెట్టినవాళ్లు. ఈ ఒక్క విషయం తెలిసి వరసల మధ్య నిలబడితే ఆ తోట వేరేగా కనిపిస్తుంది. పేరున్న దాదాపు ప్రతి రాయి వెనకా ఒక ఇంట్లో బల్ల మీద పెట్టుకుని నింపిన ఫారం ఉంది.

పరిశోధన చేసేవాళ్లకు ఆ ఫారాలే అసలు గని. ప్రతి మృతుడి మీదా అమెరికా సైన్యం విడిగా ఒక ఫైలు నడిపింది. మృతదేహం ఎక్కడ దొరికింది, ఎలా గుర్తించారు, దగ్గర ఏ వస్తువులున్నాయి, కుటుంబం ఏం రాసింది, ఏం కోరింది, అన్నీ అందులో ఉంటాయి. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని సిబ్బంది రికార్డుల కేంద్రంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి సైన్యం సర్వీసు రికార్డులు చాలా కాలిపోయాయి. ఈ మరణ ఫైళ్లు మాత్రం ఆ మంటల్లో పడలేదు. అందుకే ఒక సైనికుడి సర్వీసు రికార్డు లేదని జవాబొస్తే అక్కడితో ఆగిపోకూడదు, మరణ ఫైలు విడిగా అడగాలి.

రాళ్లు ఇటలీలోని లాసా పాలరాయితో చేసినవి. శిలువలు ఎక్కువ, యూదు సైనికులకు దావీదు నక్షత్రాలు. రాతి మీద పేరు, హోదా, యూనిట్, రాష్ట్రం, చనిపోయిన తేదీ, అంతే. పుట్టిన తేదీ లేదు, వయసు లేదు, ఇంటివాళ్ల మాట ఒక్కటీ లేదు. జనరల్‌కూ సిపాయికీ ఒకే రాయి. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవాళ్ల అక్షరాలకు మాత్రం బంగారు రంగు. పేరు తెలియనివాళ్లు 307 మంది. వాళ్ల రాతి మీద, దేవుడికి మాత్రమే తెలిసిన ఒక తోటి సైనికుడు ఇక్కడ గౌరవంగా విశ్రమిస్తున్నాడు అనే అర్థంలో ఒకటే వాక్యం. రాళ్ల ముఖాలు పడమటి వైపు, అమెరికా ఉన్న దిక్కుకు ఉంటాయి.

తెల్ల పాలరాతిలో చెక్కిన అక్షరాలు ఫొటోలో పడవు. అందుకే బంధువులు వచ్చినప్పుడు సిబ్బంది ఒక పని చేస్తారు. ఒమాహా బీచ్ నుంచి తెచ్చిన తడి ఇసుకను చెక్కిన గీతల్లోకి రుద్ది, పైన మిగిలినది స్పాంజితో తుడిచేస్తారు. ఇసుక గాట్లలో నిలిచి పేరు గోధుమ రంగులో పైకి తేలుతుంది. పక్కన చిన్న అమెరికా జెండా, చిన్న ఫ్రాన్స్ జెండా గుచ్చుతారు. నాలుగైదు నిమిషాల పని. తర్వాత వాన ఆ ఇసుకను కడిగేస్తుంది. ఇది కుటుంబాలకు చేసే సేవ, మామూలు సందర్శకులు అడగడం బాగుండదు. బంధువులైతే ముందే రాసి చెప్పండి, సమాధి దాకా తీసుకెళ్తారు. ఇలాంటి పనిని ఇంత శ్రద్ధగా, ఏళ్ల తరబడి ఒకేలా చేసే సంస్థలు చాలా తక్కువ. పూర్తి మార్కులు ఇక్కడే ఇచ్చేయవచ్చు.

రూజ్వెల్ట్ జూనియర్ పక్కనే 46వ సమాధి ఆయన తమ్ముడు క్వెంటిన్‌ది. క్వెంటిన్ మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్, 1918 జూలై 14న చనిపోయాడు. 1955లో అతణ్ణి ఇక్కడికి మార్చారు. మొత్తం తోటలో మొదటి యుద్ధపు మృతుడు అతనొక్కడే. ఆ రాతి మీది సంవత్సరం చూసి తప్పు చెక్కారనుకునేవాళ్లున్నారు.

అక్కడ ఉన్న నలుగురు స్త్రీలను కూడా వెతికి చూడండి. వాళ్లలో ముగ్గురు 6888వ సెంట్రల్ పోస్టల్ డైరెక్టరీ బెటాలియన్‌వాళ్లు. సైనికులకు ఇంటి ఉత్తరాలు చేరవేయడం ఆ నల్లజాతి మహిళల దళం పని. నాలుగో ఆమె రెడ్‌క్రాస్ కార్యకర్త. అమెరికా సైన్యంలో జాతి విభజనను రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది 1948లో. అంతకు నాలుగేళ్ల ముందు వేర్వేరు యూనిట్లలో ఉంచిన సైనికులు ఇక్కడ ఒకే వరసల్లో ఉన్నారు.

సాధారణంగా పడే పొరపాట్లు

ఇది అమెరికా గడ్డ అని గైడ్లు కూడా అంటుంటారు. అలా కాదు. భూమి ఫ్రాన్స్‌దే. అద్దె, పన్ను లేకుండా శాశ్వతంగా వాడుకునే హక్కును ఫ్రాన్స్ అమెరికాకు ఇచ్చింది. ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది కానీ అసలు విషయమంతా ఇక్కడే ఉంది. సొంత గడ్డ అయితే అది విజేత గుర్తు. పరాయి గడ్డ మీద ఇచ్చిన చోటు అయితే అది రెండు దేశాల మధ్య ఒప్పందం, రెండు వైపులా నిలబెట్టుకోవాల్సిన మాట.

రెండో పొరపాటు, వీళ్లంతా జూన్ 6నే చనిపోయారనుకోవడం. రాళ్ల మీది తేదీలు చదివితే జూలై, ఆగస్టు కనిపిస్తాయి, అంతకుముందే కూలిపోయిన విమానాల సిబ్బంది కూడా కనిపిస్తారు. తీరంలో పోరు ఒక్క రోజుది, నార్మండీలో పోరు వారాల తరబడి సాగింది. జూన్ 8న ఈ చుట్టుపక్కలే తాత్కాలిక సెమెటరీ తెరిచారు. ఇప్పుడున్నది 1956 జూలైలో అంకితం చేసిన శాశ్వత తోట.

మూడోది, తోటలోంచి తిన్నగా బీచ్‌కు దిగవచ్చనుకోవడం. ఆ మెట్ల దారి భద్రత కారణంగా మూసేశారు. బీచ్ చూడాలంటే బయటికి వచ్చి రోడ్డు మీదుగా వెళ్లాలి, దానికి వేరే గంట ఉంచుకోండి. పైనున్న వీక్షణ స్థలంలో దాడి పటం ఉంటుంది, అక్కడి నుంచి చూస్తే ఎందుకంతమంది పోయారో అర్థమవుతుంది. గుట్ట మీదున్నవాడికి కింద తీరమంతా అరచేతిలో ఉన్నట్టే.

రాతిలో రాసిన స్నేహం

స్మారక మండపంలో నిలబడితే మధ్యలో కంచు విగ్రహం, అలల్లోంచి పైకి లేస్తున్న యువకుడు. ఎత్తు 22 అడుగులు. శిల్పి డోనల్డ్ డి లూ. అందరూ ఫొటో తీసుకునేది దీన్నే. వెనకనున్న అర్ధచంద్రాకారపు తోటలో ఆచూకీ దొరకని 1,557 మంది పేర్లు గోడ మీద ఉంటాయి. కొన్ని పేర్ల పక్కన చిన్న కంచు పువ్వు కనిపిస్తుంది. అంటే ఆ మనిషి అవశేషాలు తర్వాత దొరికి, గుర్తుపట్టారని. ఆ పూల సంఖ్య ఇప్పటికీ పెరుగుతూనే ఉంది.

కానీ మన విషయానికి ముఖ్యమైనది ప్రార్థనా మందిరం పైకప్పు. చిన్న గుండ్రటి గుడి, లోపలికి వెళ్లి తల ఎత్తాలి, చాలామంది ఎత్తరు. లియోన్ క్రోల్ చేసిన మొజాయిక్ ఉంది అక్కడ. ఒక వైపు అమెరికా, స్త్రీ రూపంలో, సముద్రం మీదా ఆకాశంలోనూ యుద్ధానికి బయల్దేరే కొడుకులను దీవిస్తుంది. మరో వైపు ఫ్రాన్స్, ఆమె కూడా స్త్రీయే, చనిపోయిన అమెరికన్‌కు కృతజ్ఞతగా లారెల్ ఆకుల దండ అర్పిస్తుంది. దేవదూత, పావురం, ఇంటికి తిరిగి వెళ్లే ఓడ ఉంటాయి. ఒకరు పంపారు, ఒకరు రుణపడ్డారు: 1950ల నాటి అట్లాంటిక్ కూటమి తనను తాను ఎలా చూసుకోవాలనుకుందో ఆ పైకప్పు చెబుతుంది. బ్రిటన్, కెనడా, పోలెండ్ వాళ్లు ఆ బొమ్మలో లేరు. జర్మనీ శత్రువుగా కూడా లేదు. 1955లో పశ్చిమ జర్మనీ నాటోలో చేరింది, మరుసటి ఏడే ఈ తోట అంకితమైంది. తోట చివరన రెండు గ్రానైట్ విగ్రహాలు మళ్లీ అదే జంట: అమెరికా, ఫ్రాన్స్. అంత దూరం నడిచి వెళ్లేవాళ్లు తక్కువ. నడవండి.

ఆ జంట ఎప్పుడూ అంత సఖ్యంగా ఏం లేదు. 1964లో, దాడి జరిగి 20 ఏళ్లయిన సందర్భంగా, ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ నార్మండీకి రాలేదు. 1944లో స్వేచ్ఛా ఫ్రాన్స్ నాయకుడిగా ఉన్న ఆయనకు దాడి సంగతి చెప్పింది రెండు రోజుల ముందే. పైగా విముక్తమైన ఫ్రాన్స్‌ను తమ సైనిక పాలన కింద పెట్టే పథకం మిత్రరాజ్యాల దగ్గర ఉండేది. ఆ గాయం మానలేదు. 1944లో ఫ్రెంచ్ సైన్యం కూడా దిగిన ప్రొవాన్స్ తీరానికి మాత్రం ఆ ఏడు ఆగస్టులో వెళ్లారు. 1966లో నాటో ఉమ్మడి సైనిక కమాండ్ నుంచి ఫ్రాన్స్ తప్పుకుని, అమెరికన్ సైనికులు దేశం వదలాలని కోరింది. అప్పుడు అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్, సమాధుల్లో ఉన్నవాళ్లు కూడా వెళ్లాలా అని డీగాల్‌ను అడిగినట్టు తర్వాత చెప్పుకున్నారు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించినప్పుడు, ఫ్రాన్స్, బెల్జియంలలో ఉన్న మృతులను కుటుంబాలు కోరితే ప్రభుత్వ ఖర్చుతో తీసుకొచ్చేలా అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. కానీ గమనించండి, రెండు దేశాల మధ్య మాట పడ్డ ప్రతిసారీ మృతులు మధ్యలోకి వస్తారు.

పదవిలో ఉండగా నార్మండీ తీరానికి వచ్చిన తొలి అమెరికా అధ్యక్షుడు కార్టర్, 1978 జనవరిలో, ఫ్రాన్స్ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్‌తో కలిసి. దాన్ని పెద్ద వేడుకగా మార్చింది మాత్రం 1984. రీగన్ పాయింట్ ద్యు ఓక్ కొండ మీద మాట్లాడి, తర్వాత ఈ ఒమాహా తీరాన ఒక సైనికుడి కూతురు రాసిన ఉత్తరం చదివారు. అది అమెరికాలో ఎన్నికల ఏడు. పశ్చిమ ఐరోపాలో కొత్త అమెరికన్ అణు క్షిపణులు పెట్టడం మొదలై కొద్ది నెలలే, వీధుల్లో నిరసనలు జరుగుతున్నాయి. ఆ క్షిపణుల్లో ఒక రకానికి పెర్షింగ్ అనే పేరు, ఈ సమాధుల సంస్థ తొలి ఛైర్మన్ పేరే. ఆ నేపథ్యం తెలిస్తే ఆ రోజు ప్రసంగాలు జరిగిపోయిన యుద్ధం గురించి ఎంత మాట్లాడాయో, జరుగుతున్న ప్రచ్ఛన్న యుద్ధం గురించీ అంతే మాట్లాడాయని తెలుస్తుంది.

ఆ వేడుకకు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ కోల్ లేరు. అదే ఏడు సెప్టెంబర్ 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాన్, కోల్ మొదటి ప్రపంచ యుద్ధపు రణక్షేత్రం వెర్డన్‌లో చేయి పట్టుకుని నిలబడ్డారు. మరుసటి మే నెలలో రీగన్ జర్మనీలోని బిట్‌బుర్గ్ సైనిక సెమెటరీకి వెళ్లారు. అక్కడ 49 మంది నాజీ సాయుధ దళమైన వాఫెన్-ఎస్‌ఎస్ వాళ్ల సమాధులున్నాయని తెలిసి అమెరికాలో పెద్ద దుమారం రేగింది, అయినా వెళ్లారు, అదే రోజు బెర్గెన్-బెల్సెన్‌కు కూడా వెళ్లారు. నార్మండీ డీ-డే వేడుకకు తొలిసారి వచ్చిన జర్మన్ ఛాన్సలర్ ష్రోడర్, 2004లో. 2014లో పుతిన్ వచ్చారు, 2024లో రష్యాను పిలవలేదు, జెలెన్‌స్కీ వచ్చారు. అతిథుల జాబితా ఒక్కటి చదివితే చాలు, ఆ ఏడు అట్లాంటిక్ రాజకీయం ఎటు ఉందో తెలిసిపోతుంది. సందర్శక కేంద్రంలో ఈ వేడుకల చరిత్రకు ఒక గది ఉంటే ఎంత బాగుండేది. ఈ సేవకు ఉన్న అతి పెద్ద లోటు ఇదే అని మా అభిప్రాయం.

ఇంకో మాట, ఇదే సంస్థ గురించి. నెదర్లాండ్స్‌లోని మార్గ్‌రాటెన్‌లో దాదాపు 8,300 అమెరికన్ సమాధులున్నాయి. 1945 నుంచి చుట్టుపక్కల కుటుంబాలు ఒక్కో సమాధినీ దత్తత తీసుకుని పూలు తెస్తున్నాయి. 2025లో అక్కడి సందర్శక కేంద్రంలో నల్లజాతి సైనికుల గురించిన ఫలకాలను తొలగించడంతో ఆ దేశంలో గట్టి నిరసన వచ్చింది. పచ్చిక కోయడంలో, రాయి తుడవడంలో చూపే శ్రద్ధ చెప్పే కథలోనూ ఉండాలని ఆ ఊళ్లవాళ్లు అడుగుతున్నారు. అడిగే హక్కు వాళ్లకుంది, ఆ సమాధులను ఎనభై ఏళ్లుగా చూసుకుంటున్నది వాళ్లే.

పక్కన పెట్టి చూడాల్సినవి

కోల్విల్‌ను ఒంటరిగా చూడకండి. బాయూలోనే కామన్వెల్త్ సెమెటరీ ఉంది, 4,144 మంది కామన్వెల్త్ సైనికులు, వాళ్లతో పాటు 500 దాకా ఇతర దేశాలవాళ్లు, ఎక్కువమంది జర్మన్లు. శత్రువు కూడా అదే కంచెలో ఉంటాడు. బ్రిటిష్ కుటుంబాలకు మృతదేహాన్ని ఇంటికి తెచ్చుకునే అవకాశం ఇవ్వలేదు, కానీ రాతి కింది భాగంలో ఒకటి రెండు పంక్తులు సొంతంగా రాయించుకోనిచ్చారు. అమెరికన్ కుటుంబాలది సరిగ్గా తలకిందులు: చోటు ఎంచుకోవచ్చు, మాట ఎంచుకోలేరు. ఈ ఒక్క తేడాతో రెండు తోటలూ వేర్వేరు గొంతుల్లో మాట్లాడతాయి. బాయూలో వయసు చదువుతారు, అమ్మ రాసిన వాక్యం చదువుతారు, ముందుకు కదలడానికి సమయం పడుతుంది. ఎదురుగా ఉన్న స్మారకం మీది లాటిన్ వాక్యం కూడా చూడండి: ఒకప్పుడు విలియం (1066లో ఇంగ్లండును జయించిన నార్మండీ పాలకుడు) చేతిలో ఓడిన మేము ఆ విజేత మాతృభూమిని విముక్తం చేశాం అని. 1066 నాటి లెక్క 1944లో తీర్చారన్నమాట.

కోల్విల్‌కు పడమట, ఎన్13 రహదారి పక్కనే లా కాంబ్ జర్మన్ సెమెటరీ. 21,000 మందికి పైగా ఉన్నారు. నల్లని రాతి శిలువలు ఐదేసి గుంపులుగా, నేలకు పరిచిన పలకల మీద ఇద్దరేసి పేర్లు, మధ్యలో ఆరు మీటర్ల మట్టి దిబ్బ. ఇక్కడ ఆకాశం వైపు లేచే విగ్రహం లేదు, విజయం అనే మాట లేదు. గేటు దగ్గర ఫలకం, వీళ్లలో అందరూ ఈ పోరాటాన్ని తమంతట తాము ఎంచుకున్నవాళ్లే కారు అనే అర్థంలో ఉంటుంది. నిజమే, చాలామంది పద్దెనిమిది పంతొమ్మిదేళ్లవాళ్లు. అదే తోటలో ఒరదూర్-సుర్-గ్లాన్‌లో 640 మందికి పైగా గ్రామస్థులను చంపించిన ఎస్‌ఎస్ అధికారి అడాల్ఫ్ డీక్‌మన్ కూడా ఉన్నాడు. ఫలకం ఆ రెంటినీ విడదీయదు. చూసేవాడు విడదీసుకోవాలి, అందుకు ముందే చదివి వెళ్లాలి.

పౌరుల కథ కావాలంటే ఫలేజ్ వెళ్లండి, కాన్‌కు దక్షిణాన సుమారు 35 కి.మీ. అక్కడ యుద్ధంలో పౌరుల గురించి మాత్రమే చెప్పే స్మారకం 2016లో తెరిచారు. చలికాలంలో కొంతకాలం మూసేస్తారు, ముందే చూసుకోండి. కాన్‌లోని మెమోరియల్ పెద్దది, 1988 జూన్ 6న మిత్తరాన్ ప్రారంభించారు, ఒక జర్మన్ జనరల్ ఆజ్ఞాకేంద్రం బంకర్ మీద కట్టారు, ప్రచ్ఛన్న యుద్ధం దాకా కథ నడుపుతుంది. రెంటికీ టికెట్ ఉంది. ఫ్రాన్స్ అధ్యక్షుడు నార్మండీ పౌర మృతులకు అధికారికంగా నివాళి అర్పించింది 2014లో, హోలాండ్, ఇదే కాన్ మెమోరియల్‌లో. అంటే 70 ఏళ్ల తర్వాత. 2024 జూన్ 5న మాక్రాన్ సాన్-లో పట్టణంలో మళ్లీ ఆ మాట ఎత్తారు. విముక్తి చేసినవాడి బాంబుకే ఇల్లు కూలినవాడు తన దుఃఖాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నాడు. ఆ మౌనం కూడా అట్లాంటిక్ సంబంధాల చరిత్రలో భాగమే.

మార్కులు: నిర్వహణకు, కుటుంబాలతో నడుచుకునే తీరుకు 5కి 5. సందర్శక కేంద్రం ప్రదర్శనకు 3.5. చేరుకోవడానికి, కారు లేనివాళ్లకు 2.

రెండు రోజులుంటే మొదటి రోజు పొద్దున బాయూ, మధ్యాహ్నం నుంచి మూసేదాకా కోల్విల్. రెండో రోజు పొద్దున లా కాంబ్, తర్వాత ఫలేజ్. ఒక్క పూటే ఉంటే సందర్శక కేంద్రాన్ని అరగంటలో ముగించి మందిరం పైకప్పు, డి భాగం 28వ వరస, ఆచూకీ దొరకనివాళ్ల గోడ చూడండి. పాత సందర్శకుల భవనం ఎదురుగా నేలలో ఉన్న గులాబీ రంగు గ్రానైట్ పలకను దాటి వెళ్లిపోకండి. దాని కింద 1944 జూన్ 6 దాడి వార్తల కథనాలు పెట్టి మూసేశారు, 2044 జూన్ 6న తెరవాలని రాశారు. సాయంత్రం జెండా దించేటప్పుడు బ్యూగుల్ మీద ట్యాప్స్ (అమెరికా సైన్యం అంత్యక్రియల్లో వినిపించే బాణీ) వాయిస్తారు. వేళ ఆ రోజు గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి, పది నిమిషాల ముందే జెండా స్తంభాల దగ్గరికి చేరితే నిలబడటానికి చోటు దొరుకుతుంది.